శుభలేఖల డబ్బా

మా కంపెనీలో నాకు ఒక గది, ఒక ప్రింటరు, తలుపు మీద ‘లెర్నింగ్ సెల్’ అని ఒక బోర్డు ఇచ్చి ఐదేళ్లు దాటింది. లారీల అడుగున బిగించే ఇనుప బ్రాకెట్లు చేసే కంపెనీ మాది. టెల్కో కాలనీకి వెళ్లే షిఫ్టు బస్సులు మా గేటు ముందు నుంచే పోతాయి. పనివాళ్లకు తెలిసినదంతా కాగితం మీదికి తెచ్చి, ఒకరికి తెలిసింది పదిమందికీ తెలిసేలా చెయ్యడం నా ఉద్యోగం. వినడానికి పుణ్యకార్యంలా ఉంటుంది. నేనూ అలాగే అనుకుని దిగాను.

నా స్వభావం గురించి ముందే చెప్పేస్తే మంచిది. చిందరవందరగా ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. భాలుబాసా ఇంట్లో మా అమ్మ పాత పెరుగు డబ్బాలూ, రబ్బరు బ్యాండ్లూ, స్వీటు ప్యాకెట్లకు కట్టిన దారాలూ దాచుకునేది. ఆవిడ కూరగాయలకని సాక్చీ బజారుకు వెళ్లినప్పుడు చూసి అన్నీ పారేసేదాన్ని. “నీ కంటికి అన్నీ చెత్తే” అని ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు. మూడో రోజు మళ్లీ డబ్బాలు పోగవడం మొదలయ్యేది. ఇంట్లో నేను ఓడిపోయినా, ఆఫీసులో ఈ గుణాన్ని మెచ్చుకుని ప్రమోషన్ ఇచ్చారు.

లెర్నింగ్ సెల్ మొదలుపెట్టగానే కార్డుల పద్ధతి పెట్టాను. ప్రతి పనివాడూ నెలకొక కార్డు రాయాలి. నేను కనిపెట్టింది ఏమిటి, దాన్ని ఎవరికి నేర్పాను అని రెండు గడులు. ఎక్కువ కార్డులు రాసినవారికి స్టీలు టిఫిన్ క్యారియర్ బహుమతి. మొదటి నెలలోనే గుట్టలుగా వచ్చాయి. నీళ్లు ఎక్కువ తాగితే ఒంటికి మంచిదని ఒకరు. ఫ్యాను కింద నిలబడితే చెమట పట్టదని ఒకరు. బూట్లు లేకుండా ప్రెస్సు దగ్గరికి రాకూడదని పదిహేనుమంది. ఒకాయన ఒకే కార్డును తేదీ మార్చి ఆరు నెలలు ఇచ్చాడు. క్యారియర్ ఆయనకే వచ్చింది. లెక్క ప్రకారం ఇవ్వాల్సింది ఆయనకే మరి.

కార్డు ఒక్కటీ రాయని మనిషి నాలుగో నంబరు ప్రెస్సు సెట్టరు. ప్రెస్సు అంటే ఇనుప రేకును అచ్చులో పెట్టి నొక్కే మిషను. ఒక రకం బ్రాకెట్ నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు ప్రెస్సులోంచి పాత అచ్చు దించి కొత్త అచ్చు ఎక్కించాలి. దాన్ని సరిగ్గా కూర్చోబెట్టేవాడే సెట్టరు. అచ్చు వెంట్రుకవాసి వాలినా బ్రాకెట్ వంకరపోతుంది. మిగతావాళ్లు నాలుగో నంబరు మీద అచ్చు మార్చాలంటే సగం షిఫ్టు పట్టేది, పక్కన తుక్కు గుట్ట లేచేది. ఈయన పనిలో దిగితే టీ బండి వచ్చేలోపు తయారు.

ఆయన మా నాన్నకు స్నేహితుడు. ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో ఈ ఊరికి పనికి వచ్చినవాళ్లు. షాపులో, అంటే మిషన్లుండే షెడ్డులో, అందరూ ఆయన్ని అన్నా అన్నట్టుగా దాదా అనేవారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ మావయ్య. ఆ చనువుతోనే కార్డు ఎందుకు రాయవని నిలదీశాను.

“ఏటి రాయమంటావమ్మా? నాను సేత్తంటే సూడు, తెలుత్తాది” అన్నాడు.

అది బద్ధకమనో, పొగరనో అనుకున్నాను. తెలిసింది దాచుకుంటే తనకు విలువ ఉంటుందని అనుకుంటున్నాడనీ అనుకున్నాను. అలాంటివాళ్లు ప్రతి షాపులోనూ ఉంటారు. సరే, చేస్తుంటే చూడమన్నాడు కదా అని వీడియో తీయించాను. ఒక అచ్చు మార్పు మొత్తం, మొదటి నుంచి చివరి దాకా. గదిలో కూర్చుని చూస్తే మధ్యలో రెండు నిమిషాలు ఆయన వీపు తప్ప ఏమీ లేదు. ప్రెస్సు వెనక్కి వెళ్లి, వంగి, ఏదో చేస్తున్నాడు. ఆ ముక్క బోరు కొడుతుందని కోసేశాను. మిగిలినదానికి వెనక సంగీతం పెట్టి, క్యూఆర్ కోడు చేసి, ప్రెస్సుకు అంటించాను. ఇకనుంచి ఎవరైనా ఫోనుతో కోడు స్కాన్ చేసి నేర్చుకోవచ్చని మేనేజరు మీటింగులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సంవత్సరమే మావయ్య రిటైరు కావాలి. రెండేళ్లు మళ్లీ పనిలో ఉంచుకోమని అర్జీ పెట్టుకున్నాడు. ఆయనకు పని యావ ఉన్నమాట నిజమే గానీ అసలు కారణం వేరు, అది షాపులో అందరికీ తెలుసు. అత్తయ్యకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఆవిడ షుగరు అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారు. పనిలో ఉన్నన్నాళ్లే కంపెనీ మెడికల్ కార్డు. కార్డు ఉంటే ఆపరేషన్ ఖర్చు కంపెనీది, లేకపోతే ఆయనది. ఆ అర్జీ మీద సిఫారసు రాయాల్సిన కమిటీలో ముగ్గురం ఉన్నాం. అందులో నేనొకదాన్ని. రాసేస్తాలే మావయ్యా అని వాళ్ల గుమ్మంలోనే మాటిచ్చాను కూడా.

రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు మా బ్రాకెట్లు కొనే పెద్ద కంపెనీ ఆడిట్ వచ్చింది. ఆడిట్ అంటే మాకు ఇల్లు దులిపే పండగ. కావలసినవీ అక్కర్లేనివీ వేరు చెయ్యాలి. అక్కర్లేనివాటికి ఎర్ర ట్యాగు కట్టాలి. మూడు రోజుల్లో నాదీ అని ఎవరూ రాకపోతే బయట పారెయ్యాలి. ఆ పని నాకప్పగించారు. నాకంటే తగినవాళ్లు ఎవరుంటారు? రెండు రోజుల్లో షాపంతా ఎర్ర ట్యాగులతో నింపేశాను.

నాలుగో నంబరు ప్రెస్సు వెనక ఒక తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా కనపడింది. మూత తీస్తే నూనె మరకలతో అట్టముక్కలు. ఎర్రవి, పసుపువి, బంగారు పూలవి. వేలెడంతవి, అరచేతంతవి. కొన్నింటి మీద పెన్సిలు గీతలు. పాత పెళ్లి కార్డుల ముక్కలని చూడగానే తెలిసింది. ఎవడి పిచ్చి వాడికానందం అనుకుని ట్యాగు కట్టించాను. మావయ్య అప్పుడు కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. మూడు రోజులైంది, ఎవరూ రాలేదు. డబ్బా పోయింది. ఆడిట్ బ్రహ్మాండంగా జరిగింది. నాకొక ట్రోఫీ వచ్చింది, ఇప్పటికీ అది ప్రింటరు పక్కనే ఉంది.

మావయ్య సెలవు నుంచి వచ్చాడు. ఏమీ అనలేదు. చాలా రోజులు నాకు అలాగే గుర్తు.

ఆ వారమే నాలుగో నంబరు మీద అచ్చు మార్చాల్సి వచ్చింది. టీ బండి వచ్చి వెళ్లింది. భోజనాల గంట కొట్టింది. ఆయన ఇంకా ప్రెస్సు వెనకే వంగి ఉన్నాడు. షిఫ్టు చివర్లో తీసిన బ్రాకెట్లు చూపుకు బాగానే ఉన్నాయి. వారం తర్వాత కొన్న కంపెనీ నుంచి ఆ లాటు మొత్తం తిరిగొచ్చింది. పై నెల ఇంకొకటి. మేనేజరుకు కారణం వెంటనే దొరికింది, కళ్లు. ఆపరేషన్ తర్వాత ముసలాయనకి ఆనడం లేదన్నాడు. మావయ్యను అడిగితే కుదురుతాది, కొంచెం టైమివ్వండి అన్నాడట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అని మేనేజరు నాతో నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కమిటీ కూర్చుంది. కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా. కంటి ఆపరేషన్ తర్వాత పనిలో నాణ్యత తగ్గినట్టు రికార్డులు చెబుతున్నాయని రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం. నాకు బాధ లేదని కాదు. కానీ అంకెలు అబద్ధం చెప్పవని పదిమందికి పాఠం చెప్పేదాన్ని, మావయ్య అని మినహాయిస్తే ఎలా అనుకున్నాను. అర్జీ తిరస్కరించారు. వీడ్కోలు రోజున శాలువా, గోడ గడియారం, సమోసాలు. అత్తయ్య కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

అసలు సంగతి నాకు నెలన్నర తర్వాత తెలిసింది. రెండో నంబరు ప్రెస్సు నడిపే ఒకావిడ నా గదికి వచ్చింది. వాళ్ల చెల్లెలి పెళ్లయింది, మిగిలిపోయిన కార్డులు నాలుగు తెచ్చింది. దాదా లేడు కదా, ఇవి ఇప్పుడు ఎవరికివ్వాలి అని హిందీలో అడిగింది. ఏం కార్డులు, దాదాకెందుకు అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. షాపులో ఎవరింట్లో పెళ్లయినా కార్డు దాదాకే ఇస్తాం కదా మేడమ్, ఆయన ప్రెస్సులో పెడతాడు, మీకు తెలీదా అంది.

ఆవిడ వెళ్లాక తలుపు మూసుకుని, లాప్‌టాప్‌లో పాత వీడియో వెతికాను. కోసేసిన ముక్క ఇంకా ఉంది. రెండు నిమిషాల వీపు. ఈసారి వీపు చూడలేదు, పక్కన నేల మీద చూశాను. బిస్కెట్ డబ్బా మూత తెరిచి ఉంది. ఆయన చెయ్యి వెనక్కి వచ్చి, ముక్కల్లో వెతికి, ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసుకుని, మళ్లీ ప్రెస్సు కిందికి వెళ్లింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. నా కళ్లముందున్న చదువును నేనే కత్తిరించి, మిగిలినదానికి సంగీతం పెట్టాను.

ఆ ఆదివారం బిర్సానగర్‌లో మావయ్య ఇంటికి వెళ్లాను, ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న శుభలేఖలన్నీ సంచిలో వేసుకుని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకూ తెలుసు. మావయ్య సంచి చూడగానే నవ్వాడు. ఇన్నాళ్లకి తెచ్చేవా అన్నాడు, అంతే. తర్వాత గంటన్నర చాప మీద కూర్చోబెట్టి చెప్పాడు.

నాలుగో నంబరు ప్రెస్సు బల్ల ఒకవైపు అరిగిపోయింది. దాన్ని చదును చేయించమని ఆయన రెండుసార్లు రాసిచ్చాడు. మిషను ఆపితే పని పోతుంది, సర్దుకోమన్నారు. ఆయన సర్దుకున్నాడు. అచ్చు కింద అరిగిన వైపు ఒక అట్టముక్క. మామూలు కాగితం పెడితే నూనె తాగి మెత్తబడుతుంది. పెళ్లికార్డుకు పైన మెరుపు పూత ఉంటుంది, నూనె తాగదు. ఒరియావాళ్ల కార్డు ఒక మందం, బీహారువాళ్లది ఒక మందం, మనవాళ్లది ఇంకొకటి. తెలుగువాళ్ల కార్డుకి మూలల్లో పసుపు రాస్తారు, అక్కడ గరుకు, అందుకని ఆ మూలలు కోసెయ్యాలి. దేవుడి బొమ్మ ఉన్నా, క్రైస్తవుల కార్డు మీద శిలువ ఉన్నా ఆ ముక్క ప్రెస్సులో పెట్టడు. విడిగా దాచి ఏటిలో కలుపుతాడు. పెళ్లికూతురి పేరున్న కార్డు చెత్తలో వెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు, ఆయనకిచ్చేస్తే ఆ బాధ తీరేది. అందుకే అందరూ ఇచ్చేవారు. ముక్క మీద పెన్సిలు గీతలు ఏ అచ్చుకు ఏ ముక్కో చెప్పే గుర్తులు. ఇరవై ఏళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి కుదుర్చుకున్నవి. డబ్బా పోయాక అన్నీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుగు నెలల్లో సగం అచ్చులకే కుదిరింది. కళ్లకేమీ కాలేదు. నిజానికి ఆపరేషన్ తర్వాత ఇంకా బాగా ఆనుతోందట.

ఇదంతా లెర్నింగ్ సెల్ కార్డు మీద ఎందుకు రాయలేదని అడిగాను.

“పెళ్లికార్డు ముక్కెట్టి నడిపిత్తన్నానని రాత్తే ఆడిట్‌వోళ్లు ఊరుకుంతారేటమ్మా? మిషను పాడైందని నాను రాసిన కాయితమే సదవనోళ్లు, ఇది సదువుతారా?”

అత్తయ్య గోడ పట్టుకుని నడిచివచ్చి టీ ఇచ్చింది. వద్దంటే వినలేదు. మళ్లీ గోడ పట్టుకునే లోపలికి వెళ్లింది. వంటింటి దాకా ఆవిడ వేసే ఒక్కో అడుగూ నాకు వినపడింది.

మర్నాడు మేనేజరుకు రాశాను. తప్పు కళ్లది కాదు, డబ్బాది; డబ్బా పారేసింది నేను; కమిటీ కాగితం మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను; అర్జీని మళ్లీ చూడాలి. ఆయన నన్ను పిలిచి, నీళ్లు తాగమని చెప్పి, ఫైలు పైవాళ్లు మూసేశారు, ఇక తెరవడం కుదరదన్నాడు. ఇది బయటికొస్తే ఆడిట్ ట్రోఫీ సంగతేమిటో ఆలోచించావా అన్నాడు. ట్రోఫీ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నానికి ప్యూను దాన్ని మళ్లీ నా గదిలో పెట్టిపోయాడు.

అయితే లాట్లు తిరిగొస్తూనే ఉన్నాయి. దానికి మాత్రం మేనేజరు భయపడ్డాడు. చివరికి మావయ్యను కాంట్రాక్టరు కింద మూడు నెలలు, నేర్పడానికి మాత్రమే పిలిపించారు. కాంట్రాక్టు మనిషికి మెడికల్ కార్డు ఉండదు. ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. ఆయన రానంటే బాగుండుననిపించింది. వత్తానన్నాడు. ఆయన్ని అన్యాయంగా పంపినవాళ్ల పని చక్కబెట్టడానికి ఎందుకు రావాలో నాకు అర్థం కాలేదు, అడిగే మొహమూ లేదు.

మూడు నెలలూ నేను నా గదిలో కూర్చోలేదు. నాలుగో నంబరు వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇద్దరు, ఒక డిప్లొమా కుర్రాడు, శుభలేఖలు తెచ్చిన రెండో నంబరావిడ. ఒక్కో ముక్కనూ మైక్రోమీటరుతో కొలిచి, ఏ అచ్చుకు ఎంత మందమో నేను రాసుకున్నాను. కుర్రాడు త్వరగా లెక్క పట్టేశాడు. ఆవిడకు లెక్క కంటే ముందు చేతికే పట్టుబడింది, వేళ్ల మధ్య నలిపి ఇది ఎక్కువ, ఇది తక్కువ అనేది. మావయ్య ఆవిడ చెప్పిందే ముందు పెట్టి చూడమనేవాడు. బల్ల చదును చెయ్యాలని ఈసారి నేను రాశాను. ఇంకా చెయ్యలేదు. ఈలోగా టీ బండి వచ్చేలోపు అచ్చు ఎక్కుతోంది, ఆవిడ చేతి మీద.

లాట్లు తిరిగి రావడం ఆగింది. ఏడాది సమీక్షలో మా మేనేజరు చూపించిన స్లైడు నేను తయారు చేసిందే. జ్ఞానం పంచుకోవడం వల్ల సంస్థ పనితీరు మెరుగుపడింది అని పైన పెద్దక్షరాలతో ఉంటుంది. అది నిజమే. అత్తయ్య ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, మావయ్య రిటైరయినప్పుడు చేతికొచ్చినదాంతో. రెండోది ఇంకా కాలేదు. అదీ నిజమే, కానీ ఆ స్లైడులో దానికి చోటు లేదు.

కార్డుల పద్ధతి తీసేశాను. ఇప్పుడు ఏ మిషను దగ్గరికి వెళ్లినా ముందు సొరుగులో ఏముంది, అదెందుకు అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా పెన్ను తియ్యను. పనివాళ్లకు మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు వాళ్లే సొరుగులు తెరిచి పిలుస్తున్నారు.

మూడు నెలలు పూర్తయిన రోజు మావయ్యను గేటు దాకా దిగబెట్టాను. ఈసారి శాలువా లేదు, సమోసాలు లేవు. బిర్సానగర్ ఆటో కోసం నిలబడ్డాం. నా మనసులో ఇన్నాళ్లూ తొలుస్తున్నది అప్పుడు అడిగేశాను. కళ్ల సెలవు నుంచి వచ్చిన రోజే డబ్బా సంగతి నాతో ఒక్క మాట అనుంటే ఇదంతా జరిగేది కాదు కదా మావయ్యా, ఎందుకు అనలేదు అని.

ఆయన నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

“అన్నాను గదమ్మా. ఆ రోజు పొద్దున్నే నీ గదికాడికొచ్చి నా డబ్బా ఏదమ్మా అని అడిగేను. నువ్వు కంప్యూటర్లోంచి తలెత్తకండానే ‘ఆ చెత్తా మావయ్యా, తీయించేశాను’ అన్నావు. సెత్తన్నాక మరింకేటి సెప్పమంటావు?”

ఆటో వచ్చింది. ఆయన ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, ఇంటికి వత్తూ ఉండమ్మా అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ పొద్దున్న గుర్తు రావడం లేదు. అయినా అన్నాననే నమ్ముతున్నాను. ఆ మాట నాదే, తలెత్తకుండా అనడమూ నాకు అలవాటే.